వీధి తలుపు గడియ

మా ఇల్లు విశాఖపట్నం బురుజుపేటలో, కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి రెండు సందుల అవతల. మామగారి నాన్నగారు కట్టించిన పెంకుటిల్లు. 2014లో హుద్‌హుద్ తుఫానుకి సగం పెంకులు ఎగిరిపోతే దొరికినన్ని పాతవి తెచ్చి నేయించి, వంటింటి మీద మాత్రం రేకులు వేయించాం. ఉప్పుగాలికి కిటికీ ఊచలు తుప్పు రాలుస్తూనే ఉంటాయి, వానాకాలం వచ్చిందంటే వీధి తలుపు ఉబ్బిపోతుంది. అయినా ఈ ఇంటి మీద ఏనాడూ విసుక్కోలేదు, నా చేతులు బాగున్నంతకాలం.

తరవాత నాలుగేళ్లకి కాబోలు, పొద్దున్న లేస్తే వేళ్లు ముడుచుకునేవి కావు. ఎనిమిది దాటితే గానీ పిడికిలి పడేది కాదు. వయసు అంతే అని ఒక డాక్టరుగారు కాల్షియం బిళ్లలు రాశారు, ఆర్నెల్లు అవే మింగాను. అత్తగారు వాతమంటూ ఆముదం మర్దనా చేసేవారు. చివరికి రక్తపరీక్షలో ఆర్‌ఏ ఫ్యాక్టరు, యాంటీ సీసీపీ రెండూ ఎక్కువొచ్చాక రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని తేలింది. ఇది కీళ్లు అరగడం కాదట, జబ్బుల మీద పోరాడాల్సిన రక్షణ వ్యవస్థే మన కీళ్ల మీద పడుతుందట. ఆ ఆర్నెల్లు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపుమంటే, కుడిచేతి రెండు వేళ్లు వంకర తిరిగింది అప్పుడే.

దీనికి రాసిన మందు మెథోట్రెక్సేట్, వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుందని డాక్టరమ్మ నా చేత మూడుసార్లు చెప్పించుకుంది. అందుకే క్యాలెండర్లో ఆదివారాలు ఎర్రగానే ఉన్నా మళ్లీ పెన్నుతో సున్నా చుడతాను. సోమవారం వికారం, అన్నం వాసన పడదు. మంగళవారం ఫోలిక్ యాసిడ్. మధ్యమధ్యలో లివర్ పరీక్షలు. గుణం కనిపించడానికే రెండు నెలలు దాటింది, ఈలోపు మానేద్దామని ఎన్నిసార్లు అనిపించిందో.

అసలు గొడవ ఇంటితో వచ్చింది. వీధి తలుపుది పాతకాలం ఇనప గడియ, బలంగా లాగాలి. ఓ రోజు మావారు ఊళ్లో లేరు, అత్తగారు మరిది ఇంట్లో ఉన్నారు. పాలబ్బాయి పిలిచి పిలిచి ప్యాకెట్లు అరుగు మీద పెట్టి పోయాడు. గడియ మీద చెయ్యి వేసి ఇవతల నేను, పిల్లి ఆ ప్యాకెట్ చింపుతున్న చప్పుడు వింటూ ఏడ్చాను.

"అమ్మా, మధురవాడ వచ్చేయ్, లిఫ్ట్ ఉంది" అని మా అమ్మాయి తీసుకెళ్లింది. పది రోజులున్నాను. సుఖంగానే ఉంది, అబద్ధం ఎందుకు. కానీ రాత్రి లేస్తే చెయ్యి మా హాల్లో స్తంభం కోసమే వెతికేది. మా అరుగు ఎత్తు కూడా నా మోకాళ్లకి సరిపోయినట్టు ఏ సోఫా సరిపోదు. మొండితనమే అనుకోండి, తిరిగొచ్చేశాను.

వడ్రంగి తలుపే మార్చేద్దామన్నాడు. వద్దన్నాను. అడుగున చిత్రిక పట్టి, గడియ తీసేసి, మోచేత్తో నొక్కే హ్యాండిల్ పెట్టాడు. దానికి పాత చీర అంచు ఉచ్చులా కట్టుకున్నాను, మోచెయ్యి దూర్చి వెనక్కి ఒరిగితే తలుపు వస్తుంది. కుక్కర్ మూత మాత్రం ఇప్పటికీ మావారి డ్యూటీయే.

ఇప్పుడు ఆరున్నరకల్లా పిడికిలి పడుతోంది. నిన్నటి వానకి తలుపు మళ్లీ ఉబ్బింది, ఒరిగినా రాలేదు. "ఉండు బాబూ, వస్తున్నా" అని లోపలినుంచే కేకేశాను. మావారు మంచం దిగేలోపు మూడోసారి ఒరిగితే వచ్చింది. పాలు చేతికే ఇచ్చాడు.