బుడమేరు నుంచి కథానిలయం దాకా

జనవరి రాగానే విజయవాడ ప్రయాణం పెట్టుకోవడం తెలుగు పుస్తకప్రియుల్లో చాలామందికి ఏళ్లుగా ఉన్న అలవాటు. 1989లో మొదలైన పుస్తక మహోత్సవం 2025 జనవరిలో ఇందిరాగాంధీ స్టేడియంలో జరిగింది. నేను ఎప్పుడూ జాబితా రాసుకుని వెళ్లి, కొనుక్కుని వచ్చేసేవాణ్ణి. ఈసారి మాత్రం నా కొనుగోళ్లను పక్కనపెట్టి, ఇతరుల చేతుల్లోకి ఏ పుస్తకాలు వెళ్తున్నాయో చూడాలనుకున్నాను. అక్కడి నుంచి కొల్లేరు మీదుగా శ్రీకాకుళం వెళ్లి, అచ్చయిన తెలుగు కథలన్నిటినీ ఒకచోట చేర్చే గ్రంథాలయం కథానిలయాన్ని దర్శించి రావాలని సంకల్పం.

మొదటి సాయంత్రమే అర్థమైన సంగతి ఒకటుంది. పాత కథకు గిరాకీ తగ్గలేదు. శ్రీపాద, చలం, కొడవటిగంటి, బుచ్చిబాబు, రావిశాస్త్రి, మల్లాది రామకృష్ణశాస్త్రి సంపుటాలున్న బల్లల దగ్గర నిలబడడానికి చోటు దొరకలేదు. వాటి ముందు నిలబడ్డవాళ్లలో సగం మంది పాతికేళ్ల లోపువాళ్లే. దీనికి ఒక కారణం చట్టంలో ఉంది: రచయిత మరణించిన తరువాత అరవై ఏళ్లు గడిస్తే ఆ రచనలను ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. 1961లో కన్నుమూసిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి రచనలు 2022 నుంచి ఆ వరుసలోకి వచ్చాయి. అసలు కారణం మాత్రం, ఒక దుకాణదారు అన్నట్లు, చదివినవాళ్లు ఇంకొకరికి చెప్పడమే. "శ్రీపాద పుస్తకం ఒకటి కొన్నవాళ్లు మర్నాడు రెండోది అడుగుతూ వస్తారండీ, మేము చెప్పాల్సిన పనే ఉండదు" అన్నాడాయన.

నాకు బాగా గుర్తుండిపోయిన పాఠకురాలు అజిత్‌సింగ్‌నగర్ నుంచి వచ్చిన ఒక గృహిణి. ఆమె చేతిలో స్కూలు నోటుపుస్తకం నుంచి చింపిన రూళ్ల కాగితం ఉంది. దానిమీద రెండు వైపులా పుస్తకాల పేర్లు నీలి సిరాతో రాసి ఉన్నాయి. దొరికినవాటి పక్కన టిక్కు పెట్టుకుంటూ వస్తోంది. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు వాగు పొంగి ఆమె ఇంట్లోకి వచ్చి, బీరువా కింది మూడు అరలనూ ముంచేసిందట. పోయిన పుస్తకాలను ఒక్కొక్కటే మళ్లీ కొనుక్కోవడానికి వచ్చింది. ఆ కాగితంలో అన్నీ కథల పుస్తకాలే. అయితే చివర్లో ఏ పేరూ లేకుండా "వరద గురించి ఏదైనా" అని ఒక్క పంక్తి ఉంది. "ఇంత నీళ్లు ఎందుకొచ్చాయో టీవీలో ఒకరినొకరు తిట్టుకున్నారు గానీ, అర్థమయ్యేలా చెప్పినవాళ్లు లేరండీ. అది చెప్పే పుస్తకం కావాలి" అంది. ఆ పంక్తి పక్కన టిక్కు పడలేదు.

తెలుగులో పర్యావరణం మీద పుస్తకాలు లేవని కాదు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ఏనాడో తెచ్చిన జపాన్ రైతు ఫుకుఓకా "గడ్డిపరకతో విప్లవం" ఇప్పటికీ చేతులు మారుతూనే ఉంది. ప్రకృతి వ్యవసాయం వైపు తిరిగిన కుర్రవాళ్లు దాన్ని పాఠ్యపుస్తకంలా వెంట ఉంచుకుంటున్నారు. వాతావరణ మార్పుల గురించి ఇంగ్లీషులో వచ్చినవాటికి మాత్రం పాఠకులు వేరు. ఇంజనీరింగు, మెడిసిన్ చదివే పిల్లలు వాటి దగ్గర గుమిగూడారు. డేవిడ్ వాలస్-వెల్స్ 2019లో రాసిన "ది అన్‌ఇన్‌హాబిటబుల్ ఎర్త్" పుటలు తిప్పుతున్న ఒక విద్యార్థి, తాను అంతకుముందే చదివిన కిమ్ స్టాన్లీ రాబిన్‌సన్ నవల "ది మినిస్ట్రీ ఫర్ ది ఫ్యూచర్" గురించి ఆపకుండా చెప్పాడు. ఆ నవల ఉత్తరప్రదేశ్‌లోని ఒక పట్టణంలో భరించరాని వడగాలులతో మొదలవుతుంది. "అమెరికాలో చదివినవాళ్లకి అది ఊహేమో సార్, 2015 మే నెలలో మా తాతగారి ఊళ్లో ఏమైందో నాకు తెలుసు" అన్నాడు. ఆ వేసవిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలిపి వెయ్యిమందికి పైగా వడదెబ్బకు చనిపోయారు. ఆ అబ్బాయి పుస్తకం చదువుతున్నది ప్రపంచం ఎటుపోతోందో తెలుసుకుని నలుగురిలో మాట్లాడడానికి కాదు. తన ఇంట్లో జరిగినదానికి కారణం వెతుక్కుంటున్నాడు. సింగ్‌నగర్ ఆమె వెతుకుతున్నదీ అదే. ఆ అబ్బాయికి ఇంగ్లీషు వచ్చు కాబట్టి దొరికింది, ఆమెకు దొరకలేదు. తెలుగు ప్రచురణకర్తలు ముందుగా పట్టించుకోవలసింది ఈ తేడానేనని నాకు గట్టిగా అనిపించింది.

బుడమేరు పోయి కలిసేది కొల్లేరులోనే. అందుకే ఆ నీటి వెంటే వెళ్దామని, గుడివాడ మీదుగా కైకలూరు వెళ్లే రైలెక్కాను. సంచిలో పైనే పెట్టుకున్న పుస్తకం అక్కినేని కుటుంబరావు నవల "కొల్లేటి జాడలు". సరస్సు ఒడ్డున పుట్టి పెరిగినవాళ్ల బతుకును, వాళ్ల చేపల వేటను, పడవలను, వలస వచ్చే పక్షులను ఎంతో ప్రేమగా చెప్పి, ఆ తరువాత అదంతా చెరువుల గట్ల మధ్య ఎలా కరిగిపోయిందో అంతే ఓపికగా చెప్పే నవల అది. దాన్ని వసంత్ కన్నబిరాన్ "సాఫ్ట్‌లీ డైస్ ఎ లేక్" పేరుతో ఇంగ్లీషు చేశారు. తెలుగు పాఠకులకంటే బయటి పాఠకులే దాన్ని పర్యావరణ నవలగా గుర్తుపట్టారేమోనని నా అనుమానం. మనవాళ్లు దాన్ని ఒక ఊరి కథగా చదివారు. రెండూ నిజమే.

కైకలూరులో దిగి ఆటపాక పక్షి కేంద్రానికి వెళ్లాను. అటవీశాఖ నీళ్లలో పాతిన ఇనుప చట్రాల మీద గూడబాతులు కిక్కిరిసి ఉన్నాయి. గూళ్లు కట్టుకునే చెట్లు సరిపడా లేక మనుషులు నిలబెట్టిన ఇనుప చెట్లవి. ఒక్కో చట్రానికి అడ్డంగా కట్టిన కమ్మీల మీద పుల్లలు పేర్చి గూళ్లు కట్టుకున్నాయి. పెద్ద పక్షి దిగినప్పుడల్లా పక్క గూళ్లలోని పిల్లలు మెడలు చాచి, తల్లి గొంతు సంచిలోకి ముక్కులు దూరుస్తున్నాయి. పడవ నడిపే పెద్దాయన నా చేతిలోని పుస్తకం అట్ట చూసి, "కొల్లేరు మీద రాశారాండీ? అందులో ఉప్పుటేరు గురించి ఉందాండీ?" అని అడిగాడు. ఆయన ప్రశ్నలో చాలా ఉంది. బుడమేరు, తమ్మిలేరు లాంటి ఏరులెన్నో కొల్లేటిలోకి నీళ్లు తెస్తాయి, కొల్లేటి నీళ్లు సముద్రానికి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. 1999లో కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా గుర్తించారు, 2006లో ప్రభుత్వమే చేపల చెరువుల గట్లు పేల్చింది. అయినా గట్లు మళ్లీ లేచాయి. నీరు నిలవవలసిన చోట గట్లుంటే, పోవలసిన దారి పూడిపోతే, పైనుంచి వచ్చే వరద ఎక్కడో ఒకచోట ఇళ్లలోకి చేరక తప్పదు. సింగ్‌నగర్ ఆమె కాగితంలోని చివరి పంక్తికి పూర్తి జవాబు కాకపోయినా, సగం జవాబు ఈ నవలలో ఉందని అప్పుడు తోచింది. మిగతా సగం శాస్త్రం చెప్పాలి: గాలి ఒక్క డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు, అందుకే కురిసినప్పుడు కుండపోతగా కురుస్తుంది.

కైకలూరు నుంచి భీమవరం, తణుకు, నిడదవోలు మీదుగా వెళ్లే దారి పొడవునా నేను అమితవ్ ఘోష్ 2016 నాటి పుస్తకం "ది గ్రేట్ డిరేంజ్‌మెంట్" మళ్లీ చదివాను. వాతావరణ సంక్షోభం ఇంత పెద్దదైనప్పుడు గంభీరమైన కాల్పనిక సాహిత్యం దాన్నెందుకు పట్టించుకోవడంలేదన్నది ఆయన ప్రధాన ప్రశ్న. అసాధారణమైన ప్రకృతి ఘటనలకు ఆధునిక నవల తలుపులు మూసేసుకుందంటాడు. ఆ మాటను తణుకు స్టేషన్ దగ్గర చదువుతుంటే ఒప్పుకోబుద్ధి కాలేదు. ఎందుకంటే ఆ చుట్టుపక్కల తిరుపతిపురంలో పుట్టిన పాలగుమ్మి పద్మరాజు రాసిన "గాలివాన", 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన ప్రపంచ కథానికల పోటీలో రెండవ బహుమతి పొందింది. పద్ధతులూ నియమాలూ కట్టుదిట్టంగా పెట్టుకున్న రావుగారిని, రైల్లో ఎదురైన ఒక ముష్టి స్త్రీని ఒకే తుపాను రాత్రిలోకి నెట్టి, ఆయన కట్టుకున్న గోడలన్నిటినీ గాలిచేత కూల్చిన కథ అది. అందులో గాలి కేవలం నేపథ్యం కాదు, కథను నడిపేదే అది. సీమలో మధురాంతకం రాజారాం, కేతు విశ్వనాథరెడ్డి, సింగమనేని నారాయణ కథల్లో వాన రాకపోవడమే ఇంటింటి నిర్ణయాలనూ శాసిస్తుంది. స.వెం.రమేశ్ "ప్రళయకావేరి కథలు" పులికాట్ సరస్సు ఒడ్డు బతుకును ఆ ఊళ్ల మాటల్లోనే పట్టుకున్నాయి. మన కథకులు నీటికీ గాలికీ ఎన్నడూ తలుపులు మూయలేదు.

అయితే ఘోష్ ప్రశ్నలో నిజం లేదని కాదు. "గాలివాన" లోని గాలి వెనుక మనిషి చేయి లేదు. కథానికలు అప్పటి తుపానును చెప్పాయి, ఇప్పటి తుపానుకు సముద్రాన్ని వేడెక్కించిన పొగగొట్టాల చరిత్ర కూడా ఉంది. ఆ పాత కథా, ఈ కొత్త పుస్తకమూ ఒకే పాఠకుడి చేతిలో ఉండాలని నేను కోరుకోవడానికి కారణం ఇదే. కథ చదివితే గాలికి ఎదురు నిలబడ్డ మనిషి తెలుస్తాడు, శాస్త్రం చదివితే ఆ గాలి తెలుస్తుంది.

శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఆమదాలవలసలో ఉంది. అక్కడి నుంచి ఊళ్లోకి ఆటోలో వెళ్లాను. కథానిలయాన్ని కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న ప్రారంభించారు. 1995లో "యజ్ఞంతో తొమ్మిది" కి వచ్చిన కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారపు సొమ్మును కూడా ఆయన దీనికే వెచ్చించారు. విశాఖపట్నంలో బడిపంతులుగా లెక్కలు చెప్పిన మనిషి, తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒకచోట ఉండాలని పట్టుబట్టి, పత్రికల పాత సంచికల కోసం ఎంతమందినో అడిగి, కట్టలు కట్టలుగా తెచ్చి పెట్టారు. 2021 జూన్‌లో ఆయన వెళ్లిపోయారు. ఆ పని ఇప్పటికీ సాగుతోంది. స్కాను చేసిన కథలను ఇంటర్నెట్‌లో ఎక్కడివాళ్లయినా ఉచితంగా చదువుకోవచ్చు. గోడల మీద కథకుల ఫొటోలు చూస్తూ, పాత "భారతి" సంచిక ఒకటి తెరిచి, పెళుసెక్కిన కాగితం అంచు విరగకుండా రెండు చేతులతో తిప్పుతుంటే, దీన్ని ఒక మనిషి తలపెట్టి నిలబెట్టాడంటే నమ్మడం కష్టమనిపించింది.

అక్కడే కవిటి మండలం నుంచి వచ్చిన ఒక ఉపాధ్యాయుడు కలిశారు. ఉద్దానంలో వాళ్లది కొబ్బరితోట. 2013లో ఫైలిన్ తుపాను కొంత పడగొట్టింది, 2018 అక్టోబరు 11న తిత్లీ మిగతాదాన్ని పడగొట్టింది. "మనుసులు మిగిల్నారు సార్, ముందే సెప్పినారు గదా. సెట్లకి ఎవలు సెప్తారు?" అని వాళ్ల నాన్న అన్నమాటను అదే యాసలో చెప్పారు. కొత్తగా నాటిన మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది, ఆలోగా మరో తుపాను రావచ్చు. ఆయన కథానిలయానికి వస్తున్న పని నాకు చాలా నచ్చింది. ఉత్తరాంధ్ర కథల్లో తుపాను, వరద, కరువు వచ్చిన చోట్లన్నిటినీ ఏరి, ఏ ఏటి కథలో ఏ గాలి ఉందో రాసుకుంటున్నారు. ఆయన నోటుపుస్తకంలో ఎడమవైపు పేజీలో కథ పేరు, అచ్చయిన సంవత్సరం, పత్రిక, కుడివైపు పేజీలో ఆ చుట్టుపక్కల ఏళ్లలో జిల్లాను తాకిన తుపాన్లు. కుడి పేజీల్లో ఖాళీలు చాలా ఉన్నాయి.

"తొమ్మిదో తరగతి పిల్లలకి గాలివాన కథ చదివి వినిపిస్తే, కథ అయిపోయాక వాళ్లడిగేది రావుగారి గురించి కాదు సార్. తుపాను ఎలా పుడుతుంది, పేరెవరు పెడతారు, ఇంకా పెద్దది వస్తుందా అని అడుగుతారు. చెప్పడానికి నాకు చిన్న తెలుగు పుస్తకం ఒకటి కావాలి. దొరక్కపోతే నేనే రాస్తాను" అన్నారు. బంగాళాఖాతం నీరు సుమారు 26.5 డిగ్రీలు దాటి వేడెక్కడం దగ్గర మొదలుపెట్టి రాసిన మొదటి అధ్యాయాన్ని నాకు చూపించారు. వాక్యాలు చిన్నవి, బొమ్మలు ఆయన విద్యార్థులు గీసినవి. రెండో అధ్యాయం బుడమేరు, కొల్లేరు మీద ఉండాలని నేనన్నాను. అయితే ఉప్పుటేరు గురించి వివరాలు మీరే రాసి పంపండని ఆయన నాకు పని పెట్టారు. ఆ రాత్రి తిరుగు రైల్లో, "కొల్లేటి జాడలు" పక్కన పెట్టుకుని, ఆ అధ్యాయానికి కావలసిన ప్రశ్నలను వరుసగా రాసుకున్నాను.