లాంగ్ మిండ్ కొండ మీద పడమటి గాలి

ఇంగ్లండ్‌లోని లాంగ్ మిండ్ కొండకి మొదటిసారి వెళ్లినప్పుడు మా గ్లైడర్, అంటే రిమోట్‌తో నడిపే ఇంజిన్ లేని చిన్న మోడల్ విమానం, కారు డిక్కీలోంచి బయటికే రాలేదు.

బర్మింగ్‌హామ్‌లో పొద్దున్నే బయల్దేరి, చర్చ్ స్ట్రెటన్ ఊరు దాటి, బర్వే అనే ఘాట్ రోడ్డెక్కాం. ఒక్క కారు పట్టే దారి, పక్కనే లోయ. పైన గాలి మొహానికి కొడుతుంటే ప్రాణం లేచొచ్చింది. నా చేతిలో రిమోట్ చూసి, నడకకొచ్చిన పెద్దాయనొకరు "పర్మిషన్ తీసుకున్నారా?" అని మర్యాదగానే అడిగారు. తీసుకోలేదు. కొండ నేషనల్ ట్రస్ట్ అనే, పాత కట్టడాల్నీ ప్రకృతినీ కాపాడే సంస్థది. ఎవరైనా వచ్చి నడవొచ్చు గానీ, ఏదైనా ఎగరేయాలంటే వాళ్లు ఒప్పుకోవాలి. ఆ తేడా నాకు తెలియదు.

"ఇంత దూరం వచ్చి ఒక్కసారీ ఎగరెయ్యకుండానే పోదామా?" అంది మా ఆవిడ. చాలా బాధేసింది. అయినా దిగొచ్చేశాం.

తర్వాత పనులన్నీ వరసగా పూర్తి చేశాను. బ్రిటన్ విమానయాన అథారిటీ వాళ్ల ఆన్‌లైన్ పరీక్షలో 40 ప్రశ్నలు, 30 కరెక్టయితే పాస్. ఆ తర్వాత ఆపరేటర్ నంబరు. దాన్ని గ్లైడర్ మీద 3 మిల్లీమీటర్ల కంటే పెద్ద అక్షరాల్లో రాయాలి. నా రాత బాగుండదు, అందుకని మా ఆవిడే స్కేలు పెట్టుకుని నల్లటి మార్కర్‌తో రాసింది. ఇన్సూరెన్సు కట్టి, ట్రస్ట్‌తో ఒప్పందం ఉన్న అక్కడి మోడల్ గ్లైడర్ల క్లబ్బు వాళ్లని కలిశాను.

నాకు బాగా నచ్చిన రూల్ ఒకటుంది. మామూలుగా నేల నుంచి 120 మీటర్లు దాటకూడదు. కానీ కొండ అంచున నిలబడి ముందుకు వదిలితే, కింద నేల ఒక్కసారిగా జారిపోతుంది. గ్లైడర్ పైకి లేవకపోయినా లెక్క దాటిపోతుంది. అందుకే 10 కిలోల లోపు గ్లైడర్లకి ఎత్తుని ఎగరేసే మనిషి దగ్గర్నుంచి కొలుస్తారు. ఆ రూల్ రాసినవాళ్లెవరో ఒక్కసారైనా కొండ అంచున నిలబడి ఉంటారు!

ఆగస్టు చివర్లో మళ్లీ వెళ్లాం. కొండంతా హెదర్ అనే పొదల పూలతో ఊదా రంగులో ఉంది. అదే అంచున 1934 నుంచీ మనుషులెక్కే గ్లైడర్ల క్లబ్బు ఒకటి నడుస్తోంది. గాలి సరిగ్గా పడమట నుంచి వీస్తే, ఇప్పటికీ లావుపాటి రబ్బరు తాడుని మనుషులే పట్టుకుని వాలులోకి పరిగెత్తి గ్లైడర్‌ని గాల్లోకి లాగుతారు. ఆ పెద్ద గ్లైడర్ వస్తే మనం పక్కకి తప్పుకోవాలని మోడల్ క్లబ్బాయన ముందే గట్టిగా చెప్పారు.

మా ఆవిడ మా చిన్న గ్లైడర్‌ని విసిరింది. గాలి అందుకోగానే గ్లైడర్ ముక్కు కాస్త వణికి నిలబడింది. ఇంజిన్ లేదు, చప్పుడు లేదు, రెక్కల మీద గాలి ఈల మాత్రమే. ఇరవై నిమిషాలు గడిచాయేమో, ఎడమ వైపు నుంచి తెల్లటి పెద్ద గ్లైడర్ కనిపించింది. వెంటనే మాదాన్ని తిప్పి హెదర్ పొదల్లో దింపేశాను. పెద్దది మా ముందునుంచే వెళ్లింది, లోపలి మనిషి టోపీ కూడా కనిపించేంత దగ్గరగా.

మాదాన్ని తెచ్చుకోడానికి వెళ్లి చూస్తే తోక సందులో ఊదా పూలు ఇరుక్కున్నాయి. మా ఆవిడ వాటిని ఒక్కొక్కటే ఏరి, "గాలి ఇంకా ఉంది, మళ్లీ విసరనా?" అంది.