నీళ్లు తేటగా ఉంటే సరిపోదు

కోయి పాండ్, అంటే రంగురంగుల కోయి చేపల్ని పెంచే చెరువు లాంటి తొట్టి, కొత్తగా పెట్టుకున్నవాళ్లు మొదటి నెలలో అడిగేది దాదాపు ఒకటే, నీళ్లు అద్దంలా ఉన్నాయి, అడుగున గులకరాయి కూడా కనిపిస్తోంది, మరి చేపలెందుకు రెక్కలు ముడుచుకుని ఓ మూలకి చేరిపోతున్నాయి అని. ఎందుకంటే వాటిని ఇబ్బంది పెట్టేదానికి రంగు లేదు. మేతలో ప్రోటీన్ అరిగాక మిగిలే వ్యర్థం చాలావరకు అమ్మోనియాగా మొప్పల్లోంచే నీళ్లలోకి వచ్చేస్తుంది, దాన్ని ఫిల్టర్‌లో ఉండే ఒక రకం బాక్టీరియా నైట్రైట్ చేస్తే, అదీ విషమే, దాన్ని ఇంకో రకం అంతగా హాని చేయని నైట్రేట్ చేస్తుంది, కానీ ఆ బాక్టీరియా సరిపడా పెరగడానికి వెచ్చటి నీళ్లలో కూడా 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఈలోపు పాండ్ నిండా చేపలు వదిలేస్తే వాటి విసర్జనలోనే అవి ఈదుతుంటాయి, అది నాకు చాలా బాధనిపిస్తుంది, పాతికేళ్లు పైబడి బతకగల చేప కదా అది.

అందుకే మంచి చేప కంటే ముందు టెస్ట్ కిట్ కొనమంటాను. గొట్టంలో నీళ్లు పోసి చుక్కలు వేసి ఆగితే రంగు తేలుతుంది, అమ్మోనియాకి పసుపుగానే ఉంటే సంతోషం, ఆకుపచ్చ తిరుగుతుంటే ఆ రోజు మేత ఆపి కొంత నీళ్లు మార్చాల్సిందే. కుళాయి నీళ్లైతే క్లోరిన్ పోగొట్టే మందు కలిపాకే పోయండి. ఫిల్టర్ స్పాంజిని కూడా కుళాయి కింద కడగొద్దు, పాండ్ నీళ్లే బకెట్‌లో తీసుకుని అందులో పిండండి, లేకపోతే అంత కష్టపడి పెరిగిన బాక్టీరియా అంతా పోతుంది.

ఇంకో సంగతి, చాలామంది పొద్దున్నే ఒక్కసారి చూసి బాగుంది అనుకుంటారు. పగలంతా పాచి నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చేసుకోవడంతో సాయంత్రానికి పీహెచ్, అంటే నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత, పెరుగుతుంది, అది 7 నుంచి 8కి చేరితే అదే అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం దాదాపు పది రెట్లవుతుంది. కాబట్టి సాయంత్రం కూడా చూడాలి.

నైట్రైట్ కనిపిస్తే మాత్రం ఉప్పు నిజంగా పనికొస్తుంది, వెయ్యి లీటర్లకి కిలో చొప్పున, అయోడిన్ కలపని ఉప్పు, ముందే బకెట్‌లో కరిగించి కొంచెం కొంచెంగా. ఉప్పులోని క్లోరైడ్ వల్ల నైట్రైట్ మొప్పల్లోంచి రక్తంలోకి పోవడం తగ్గుతుంది. నీటిమొక్కలు ఉంటే కొన్ని తట్టుకోలేవు, తీసి పక్కన పెట్టుకోండి.

ఇక ఆక్సిజన్, ఇదీ కంటికి కనపడదు. 10 డిగ్రీల నీళ్లలో లీటరుకి 11 మిల్లీగ్రాముల దాకా కరిగితే 30 డిగ్రీల దగ్గర ఏడున్నర మిల్లీగ్రాములే, పైగా రాత్రిపూట పాచి కూడా ఆక్సిజన్‌ని వాడేసుకుంటుంది, అందుకని ఎండాకాలం తెల్లవారుజామున పెద్ద చేపలే ముందు పైకొచ్చి నోరు తెరుస్తాయి. ఆకలేసిందనుకుని అప్పుడు మేత వేస్తే ఇంకా ప్రమాదం, అరిగించుకోడానికీ ఆక్సిజనే కావాలి. ఎయిర్ పంప్‌ని పగలు ఆపినా ఆపండి గానీ రాత్రి మాత్రం కట్టేయొద్దు.