లక్షలో ఆరుగురికి వచ్చేది మా పాపకి వచ్చింది – నా అనుభవం

పిల్లల్లో బ్రెయిన్ ట్యూమర్ చాలా అరుదండీ అని మాకు చెప్పని వాళ్లు లేరు, అది అబద్ధమూ కాదు. అమెరికా లెక్కల్లో 19 ఏళ్ల లోపు వాళ్లలో ఏడాదికి లక్షకి సుమారు ఆరుగురికి బయటపడుతుంటాయి, క్యాన్సర్ కాని గడ్డలు కూడా కలిపి. కానీ పిల్లలకొచ్చే క్యాన్సర్ల వరకే చూస్తే లుకేమియా (బ్లడ్ క్యాన్సర్) తర్వాత రెండో స్థానం మెదడు గడ్డలదే, పైగా 2014 నాటికే అక్కడ పిల్లల క్యాన్సర్ మరణాల్లో లుకేమియాని దాటి ఇవే ముందుకొచ్చాయి. ఇవన్నీ నేను హాస్పిటల్ కారిడార్లో కూర్చుని ఫోన్లో చదువుకున్నవే, అంతకుముందు ఎవరికి పడుతుంది ఈ గోల.

పాప అప్పుడు మూడో క్లాసు. పొద్దున లేస్తూనే తలనొప్పి అనేది, బ్రష్ నోట్లో పెట్టుకునేలోపే వాంతి, అది అయిపోగానే తేలికపడి ఇడ్లీ పెట్టమనేది, ఇంక సాయంత్రం దాకా ఏమీ ఉండదు. స్కూల్ ఎగ్గొట్టడానికి అనుకున్నారు కొందరు, అత్తయ్య దిష్టి తీశారు, మేం చూపించుకునే డాక్టర్ గ్యాస్ అని సిరప్ రాశారు, మళ్లీ వెళ్తే ఇంకో సిరప్. జ్వరం లేదు, విరేచనాలు లేవు, వట్టి పొద్దుటి వాంతులే, వారాల తరబడి. తర్వాత తెలిసింది ఏంటంటే రాత్రంతా పడుకుని ఉంటే తలలో ప్రెషర్ పెరుగుతుందట, అందుకే లేవగానే అలా అవుతుందట.

తర్వాత ఒక వస్తువు రెండుగా కనపడుతుంది అనడం మొదలుపెట్టింది, నడుస్తూ ఒక పక్కకి తూలేది. కళ్లజోడు పడుతుందేమో అని కంటి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. ఆవిడ చుక్కలేసి కంటి లోపల చూసి ఏం మాట్లాడకుండా పాపని బయటికి తీసుకొచ్చి, నేల మీద టైల్స్ గీత ఉంది కదా దాని మీద మడమకి కాలి వేళ్లు ఆనించి నడువమ్మా అన్నారు. నాలుగు అడుగులు కూడా వేయలేకపోయింది. కంటి నరం వాచింది, ఇది కళ్లజోడుతో పోయేది కాదమ్మా, ఈరోజే ఎమ్మారై తీయించండి అని చీటీ రాసిచ్చారు. మా కథలో అసలు డాక్టర్ ఆవిడే అని ఇప్పటికీ అంటాను.

ఎమ్మారైకి మత్తు ఇవ్వాలి కాబట్టి ఏమీ పెట్టొద్దన్నారు, మంచినీళ్లు కూడా. పిల్ల ఏడుపు ఒకవైపు, ఇంకోవైపు చెవి కమ్మల మర బిగుసుకుపోయి రావట్లేదు, నర్సమ్మ చెవికి కొబ్బరినూనె రాసి తిప్పి తిప్పి తీసింది. చిన్నమెదడులో గడ్డ, దానివల్ల నీరు దిగే దారి మూసుకుపోయి తలలో నీరు నిలిచింది అని చెప్పారు. చిన్నపిల్లల్లో ఈ చోట రావడం మామూలేనట, టీనేజీ పిల్లల్లో అయితే పిట్యూటరీ, అంటే మెదడు అడుగున ఉండి ఎదుగుదల హార్మోన్ ఇచ్చే చిన్న గ్రంథి, దాని దగ్గర వచ్చేవి ఎక్కువవుతాయట, వార్డులో పక్క మంచం అబ్బాయిది అదే, వాడికి తలనొప్పి కన్నా ముందు ఎత్తు పెరగడం ఆగిపోయింది.

వాపు తగ్గడానికి స్టెరాయిడ్ పెట్టారు, మా వారు రేషన్ కార్డు జిరాక్సులు పట్టుకుని ఆరోగ్యశ్రీ డెస్కు చుట్టూ తిరిగారు, ఆపరేషన్ అయింది. అసలు నరకం బయాప్సీ రిపోర్ట్ కోసం, అంటే తీసిన గడ్డ ఏ రకమో ల్యాబ్ చెప్పడం కోసం ఆగడం. ఎందుకంటే అదే చోట మెడుల్లోబ్లాస్టోమా అనే త్వరగా పెరిగే క్యాన్సర్ కూడా వస్తుంది, అదైతే కీమో, కాస్త పెద్ద పిల్లలకి రేడియేషన్ కూడా తప్పదు. మాది పైలోసైటిక్ ఆస్ట్రోసైటోమా, గ్రేడ్ 1, అంటే నెమ్మదిగా పెరిగే రకం అని వచ్చింది, పిల్లల్లో ఎక్కువగా కనపడే రకాల్లో ఇదొకటి, పూర్తిగా తీసేయగలిగితే చాలామందికి ఇంకే ట్రీట్‌మెంటూ అక్కర్లేదు. మాకు పూర్తిగానే వచ్చింది.

చుట్టాలు మాత్రం ఫోన్ ఎక్కువ చూడనిచ్చారు అందుకే అని తీర్పిచ్చేశారు. సర్జన్ గారిని అడిగితే, తలకి ఎక్కువ మోతాదు రేడియేషన్ తగిలిన వాళ్లకి, కొన్ని జన్యు జబ్బులున్న వాళ్లకి తప్ప ఎక్కువ మందిలో కారణం దొరకదమ్మా, ఫోన్ వల్ల అని తేలలేదు అన్నారు. అయినా ఫంక్షన్లలో ఇప్పటికీ వింటూనే ఉన్నాను.

ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు మాట ముద్దగా వచ్చేది, అక్షరాలు గీత దిగి పోయేవి, చేయి వణికేది. ఫిజియో చేయించాం, నాలుగు గీతల కాపీరైటింగ్ పుస్తకం మళ్లీ మొదటి నుంచి పెట్టాం, స్కూల్లో పరీక్షకి కాస్త ఎక్కువ టైం అడిగితే ఇచ్చారు.

ఇప్పుడు చెకప్ ఎమ్మారైలు నడుస్తున్నాయి. ఈ దారిలో ఉన్న వాళ్లకి ఒక్కటి చెప్తా, రిపోర్ట్ కాగితం ఒక్కటే తెచ్చుకోకండి, స్కాన్ సీడీ, బయాప్సీ బ్లాకులు (గడ్డ ముక్కని మైనంలో దాచినవి), స్లైడ్లు కూడా అడిగి తీసుకోండి, సెకండ్ ఒపీనియన్‌కి వెళ్తే మొదట అడిగేది అవే.