జిగురు లేని చెక్క బోర్డు: ముందు నీళ్ల సంగతి చూడండి

కందుకూరు, ఒంగోలు చుట్టుపక్కల సుబాబుల్, జామాయిల్ కర్రకు కొదవ లేదు. ఆ పీచుతో, యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు జోలికి పోకుండా, లాకేజ్ అనే ఎంజైముతో బోర్డు అతికిద్దామనుకునేవాళ్లు మొదట దెబ్బతినేది బోరు నీళ్లతోనే.

లాకేజ్‌లో నాలుగు రాగి పరమాణువులుంటాయి. పీచు మీది లిగ్నిన్ (కర్రలో పీచుల్ని పట్టి ఉంచే సహజ పదార్థం) నుంచి ఎలక్ట్రాన్లు లాగి ఆక్సిజన్‌కు అందించడం వాటి పని. అలా రేగిన లిగ్నిన్ పక్క పీచు లిగ్నిన్‌తో ముడిపడుతుంది. ఫ్లోరైడ్ వెళ్లి ఆ రాగినే పట్టుకుంటుంది. కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ గురించి వేరే చెప్పాలా? నీళ్లు కాచినా అది పోదు, ఇంకా చిక్కబడుతుంది. సముద్రం ఒడ్డు ఊళ్ల ఉప్పు నీళ్లలోని క్లోరైడ్ కూడా అడ్డమే, కాకపోతే దెబ్బ కాస్త తక్కువ. ఆర్వో నీళ్లో, శుభ్రంగా పట్టిన వాన నీళ్లో వాడండి. అనుమానముంటే రెండు గ్లాసుల్లో రెండు రకాల నీళ్లు పోసి, రెండింటినీ పీహెచ్ 5కు తెచ్చి, చిటికెడు గ్వాయకాల్ (లాకేజ్ తగిలితే రంగు తిరిగే రసాయనం), సమానంగా ఎంజైము వేయండి. ఎర్రమట్టి రంగు ఆలస్యంగా తిరిగిన గ్లాసులోని నీళ్లు పనికిరావు.

పీచు ఆవిరిలో మెత్తబడి డిస్కుల మధ్య నలిగినదై ఉండాలి. అప్పుడే లిగ్నిన్ పైకి తేలుతుంది. రంపపు పొట్టు కుదరదు. తెల్ల కాగితం గుజ్జులో లిగ్నినే ఉండదు. ఎండీఎఫ్ (పీచు నొక్కి చేసే బోర్డు) మిల్లులో పీచు రిఫైనర్, అంటే ఆ డిస్కుల యంత్రం, దాటగానే గొట్టంలోనే జిగురు కలిసిపోతుంది కాబట్టి, జిగురు పడని పీచు కావాలని ముందే మాట్లాడుకోవాలి.

30 × 30 సెం.మీ., 6 మి.మీ. మందం, ఘనపు సెంటీమీటరుకు 0.8 గ్రాముల సాంద్రత అనుకుంటే ఎండు పీచు 432 గ్రాములు. దానికి సుమారు 8 లీటర్ల నీళ్లు. వెనిగర్‌తో పీహెచ్ 5కు దించండి, హైడ్రోక్లోరిక్ ఆమ్లం వద్దు, అందులోనూ క్లోరైడే. ఎంజైము గ్రాము పీచుకు 20 యూనిట్లతో మొదలుపెట్టండి. సీసా మీద గ్రాముకు 1000 అని ఉంటే 8.6 గ్రాములు పడుతుంది. పొడి రకమైతే మాస్కు తప్పనిసరి, ఊపిరితిత్తులకు పడదు. 50 డిగ్రీల దగ్గర ఒక గంట ఉంచాలి. ఆ వేడిలో లీటరు నీటికి 5.5 మి.గ్రా. ఆక్సిజనే కరుగుతుంది. అందుకని చేపల తొట్టి పంపుతో గాలి ఆడుతూనే ఉండాలి.

తర్వాత జల్లెడ మీద పోసి పిండండి. కడగొద్దు. కరిగిన లిగ్నిన్ కూడా అతుక్కోవడానికి పనికొచ్చేదే, కడిగితే కాలవలో పోతుంది. కింద ఇనుప జాలీ, అంచులకు 6 మి.మీ. పట్టీలు పెట్టి 180–190 డిగ్రీల్లో నొక్కండి. చదరపు సెంటీమీటరుకు 25 కిలోలంటే ఈ సైజుకు 22 టన్నుల పైమాటే, 10 టన్నుల జాకీ సరిపోదు. ఆవిరి ఆగేదాకా ఆగి, ఒత్తిడి మూడు నాలుగు విడతలుగా వదలాలి. ఒక్కసారిగా వదిలితే బోర్డు పూరీలా పొంగి మధ్యకు చీలుతుంది.

చాలామంది వదిలేసే పని ఒకటుంది. పావుగంట మరిగించి చంపిన ఎంజైముతో ఇంకో బోర్డు చేయండి. తడి పీచు ఆ వేడికి తనంతట తానే కొంత అతుక్కుంటుంది. రెండూ ఒకే బలంతో విరిగితే మీ లాకేజ్ ఏమీ చేయనట్టే. రెండింటి ముక్కలూ 24 గంటలు నీళ్లలో నానబెట్టి మందం కొలవండి. మైనం కలపని బోర్డు ఎలాగూ ఉబ్బుతుంది, కాబట్టి వంటగది అరలకు దీన్ని వాడమని నేను చెప్పను.