గర్జన మానేసిన గొంతు

మొన్న ఆదివారం సాయంత్రం విశాఖ ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామికి ఎదురుగా పిట్టగోడ మీద కూర్చుని మురీ మిక్చర్ తింటుండగా, ఇంజనీరింగ్ రోజుల నుంచీ నాతో కలిసి మెటల్ సంగీతం వింటున్న మిత్రుడు కటటోనియా అనే స్వీడన్ మెటల్ బృందం మీద తన పాత ఫిర్యాదును మళ్లీ తీశాడు. "వాళ్లు ఎప్పుడో అమ్ముడుపోయారురా, ఇప్పుడు వాయించేది మామూలు రాక్ సంగీతమే కదా" అన్నాడు. ఈ మాట అతని నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అందులో సగం నిజం ఉండటం వల్లనే కొట్టిపారేయలేకపోతున్నాను.

బాల్టిక్ సముద్రపు ఒడ్డున ఉన్న స్టాక్‌హోమ్‌లో యోనస్ రెంక్సే, ఆండర్స్ నిస్ట్రోమ్ అనే ఇద్దరు కుర్రాళ్లు 1991లో మొదలుపెట్టిన బృందమిది. రెంక్సే డ్రమ్స్ వాయిస్తూ పాడేవాడు. పాడేవాడు అనడం కన్నా గొంతు చించుకునేవాడు అనడం సబబు. 1993లో వచ్చిన తొలి ఆల్బమ్ 'డాన్స్ ఆఫ్ డిసెంబర్ సోల్స్' నిండా ఆ కేకే వినిపిస్తుంది. అలా అరిచి అరిచి అతని గొంతు దెబ్బతింది. 1996 నాటి 'బ్రేవ్ మర్డర్ డే' వచ్చేసరికి గ్రౌల్, అంటే గొంతు లోతుల్లోంచి గర్జించడం, అతని వల్ల కాకపోవడంతో, ఓపెత్ అనే మరో బృందపు గాయకుడు మికేల్ ఓకర్‌ఫెల్ట్ వచ్చి ఆ పని చేసిపెట్టాడు. అయితే అదే ఆల్బమ్‌లో మూడో పాట 'డే'ను మాత్రం రెంక్సే, పక్కగదిలో నిద్రపోతున్నవాళ్లు లేస్తారేమో అన్నంత మెల్లగా, తన మామూలు గొంతుతో పాడాడు. తరువాత జరిగినదంతా ఆ ఒక్క పాటలోనే మొదలైందని నా అభిప్రాయం.

1998లో వచ్చిన 'డిస్కరేజ్డ్ వన్స్'లో ఇక గర్జన లేదు. పది నిమిషాల పాటలు పోయి, నాలుగేసి నిమిషాల పాటలు వచ్చాయి. మన సినిమా పాటల భాషలో చెప్పాలంటే, దారీ తెన్నూ లేకుండా సాగిపోయే సంగీతానికి పల్లవీ చరణాలూ ఏర్పడ్డాయి. మిత్రుడు పతనమనేది దీన్నే. కానీ ఆ పాటల్లో గిటార్లను విడిగా వినండి: ఒకటి మంద్రంలో ఒకే తీరుగా కొట్టుకుపోతుంటే, రెండోది దాని పైన మూడు నాలుగు స్వరాలనే పట్టుకుని, వాటి చుట్టూనే తిరుగుతూ, పాట అయిపోయేదాకా వదలదు. 'బ్రేవ్ మర్డర్ డే'లో ఉన్నదీ అచ్చంగా అదే పనితనం. పై పొర మారింది, అడుగున దిగులు అలాగే ఉంది. 1999లో 'టునైట్స్ డెసిషన్'లో అమెరికన్ గాయకుడు జెఫ్ బక్లీ పాటను తీసుకుని వాయించినప్పుడు, తమ మనసు ఎటు మళ్లిందో వాళ్లు దాచుకోనూ లేదు.

డబ్బు కోసమే మారారనే మాటను మాత్రం నేను ఒప్పుకోను. అదే 1999లో ఇంగ్లండ్‌లోని హాలిఫాక్స్‌కు చెందిన పారడైజ్ లాస్ట్, గాథిక్ మెటల్ అనే దిగులు నిండిన మెటల్ శాఖకు పేరు పెట్టినంత పని చేసిన బృందం, ఈఎంఐ వంటి పెద్ద రికార్డు సంస్థలో చేరి, ఎలక్ట్రానిక్ ధ్వనులు నింపిన 'హోస్ట్' విడుదల చేసి, పాత అభిమానుల చేత తిట్లు తిన్నది. కటటోనియా మాత్రం పీస్‌విల్ అనే చిన్న సంస్థతోనే రెండు దశాబ్దాలు గడిపింది. అమ్ముడుపోదలచినవాళ్లు అంతకాలం అక్కడ కూర్చోరు.

అయితే 2006 నాటి 'ది గ్రేట్ కోల్డ్ డిస్టెన్స్' దగ్గర మిత్రుడికి కొంత ఒప్పుకోక తప్పదు. అందులోని 'మై ట్విన్' పాట పల్లవిని రాక్ అంటే పడనివారు కూడా పాడుకోగలరు. నాకు అది ఇష్టమే. 2012లో వచ్చిన 'డెడ్ ఎండ్ కింగ్స్' మాత్రం మరీ నున్నగా, పాలిష్ పట్టిన బియ్యంలా అనిపించి, రెండు నెలలు విని పక్కన పెట్టేశాను. ఆ మరుసటి ఏడాది వాళ్లే ఆ పాటలను డ్రమ్స్ దాదాపుగా తీసేసి, ఎక్కువగా అకౌస్టిక్ గిటార్లతో 'డీత్రోన్డ్ అండ్ అన్‌క్రౌన్డ్' పేరిట మళ్లీ చేశారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక, ఎంవీపీ కాలనీ మొత్తం చీకట్లో ఉండగా, మా డాబా మీద విరిగిపడిన వేపకొమ్మల మధ్య కూర్చుని, ఫోనులో మిగిలిన పద్దెనిమిది శాతం ఛార్జింగును ఆ ఆల్బమ్‌కే ఖర్చు పెట్టాను. పక్కింటావిడ పిట్టగోడ మీంచి తొంగి చూసి, "ఎవరైనా పోయారా బాబూ, ఆ ఏడుపు పాటలేంటి?" అని అడిగారు. మెటల్ ముక్క లేని ఆ ఆల్బమ్ విని ఆవిడ అన్న మాటను మిత్రుడికి ఎన్నోసార్లు చెప్పాను. నవ్వుతాడు కానీ ఒప్పుకోడు.

ఇప్పుడు నా వాదనకే చిక్కు వచ్చిపడింది. ఇన్నాళ్లూ మారనిది ఆ గిటారే అని వాదిస్తూ వచ్చాను. 2025లో ఆ గిటారు వాయించే నిస్ట్రోమ్ బృందాన్ని వదిలి వెళ్లిపోయాడు. మొదటి ఇద్దరిలో రెంక్సే ఒక్కడే మిగిలాడు. నిస్ట్రోమ్ లేకుండా అదే ఏడాది వచ్చిన కొత్త ఆల్బమ్‌ను రుషికొండ వెళ్లే దారిలో రెండుసార్లు విన్నాను. దిగులు ఉంది, గొంతు ఉంది. ఆ మూడు నాలుగు స్వరాల కోసం మాత్రం చెవి ఇంకా వెతుక్కుంటూనే ఉంది. ఈ సంగతి మిత్రుడికి ఇంకా చెప్పలేదు.