కాఫీ రుచి పట్టాలంటే పక్కన ఇంకో కప్పు ఉండాలి

స్పెషాలిటీ కాఫీ ప్యాకెట్ల మీద నారింజ, బెల్లం, చాక్లెట్ అని రాసి ఉంటుంది. కొన్నవాళ్లు ఒక గుక్క తాగి, ఇందులో నారింజ ఎక్కడుందని విసుక్కుని ప్యాకెట్‌ను అటకెక్కిస్తారు. నారింజ సంగతి చివర్లో చూసుకోవచ్చు. ముందు తేల్చుకోవాల్సింది పులుపు, చేదు, వగరు. ఒక్క కప్పు తాగితే అది తేలదు.

ఒడిశాలో జయపురం, కోరాపుట్, సునాబెడ వైపున్న మనవాళ్లకు రెండో కప్పు కోసం దూరం పోయే పని లేదు. పొట్టంగి, నందపూర్ కొండల్లో పండేది అరబికా రకం కాఫీయే. 1930లలో జయపురం రాజావారి కాలంలో మొదలైన పంట ఇది. ఇప్పుడు ఒడిశా గిరిజన అభివృద్ధి సహకార కార్పొరేషన్ ‘కోరాపుట్ కాఫీ’ పేరుతో అమ్ముతోంది. కిరండూల్ రైలెక్కితే అరకు. అక్కడి అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ రెండు గింజలతో పాటు ఇంట్లో రోజూ వాడే ఫిల్టర్ పొడినీ బల్ల మీద పెట్టండి. అందులో చికోరీ ఎంతో ప్యాకెట్ మీదే ఉంటుంది. చికోరీ వేయించిన వేరు, అందులో కెఫీన్ ఉండదు. ఆ చిక్కదనం, మాడిన పంచదార రుచి చాలావరకు దానివే. పాలకాఫీకి బాగానే ఉంటుంది, తిట్టనక్కర్లేదు. దానికి అలవాటుపడ్డ నాలుకకు మాత్రం ఉత్త అరబికా మొదట పల్చగా, పుల్లగానే తగులుతుంది.

రుచి చూసే పద్ధతిని కప్పింగ్ అంటారు. ఒకే సైజు గాజు గ్లాసులు, 0.1 గ్రాము చూపించే చిన్న కాటా, లోతైన చెంచా ఉంటే చాలు. 150 మిల్లీలీటర్ల నీళ్లకు 8.25 గ్రాముల కాఫీ, అంటే లీటరుకు 55. పొడి సన్న బొంబాయి రవ్వంత పలుకుగా ఉండాలి. ఏ గ్లాసు గింజలు ఆ గ్లాసుకే తూచి ఆడుకోవాలి. రకం మారేటప్పుడు కొత్త గింజలు కాసిని వేసి ఆడి పారేయాలి, లేకపోతే ముందు రకం ఇందులో కలుస్తుంది. మిక్సీలో ఆడితే పిండీ పలుకూ కలిసి వస్తాయి. పిండి చేదెక్కుతుంది, పలుకు సరిగా దిగదు. ఇక తప్పు గింజదో మిక్సీదో తెలియదు. గింజల్ని రెండు పళ్ల చక్రాల మధ్య నలిపే, చేత్తో తిప్పే బర్ గ్రైండర్ నయం.

నీళ్లు 93 డిగ్రీల దగ్గర పోయాలి. కోరాపుట్ దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ నీళ్లు 97 దగ్గరే మరుగుతాయి. స్టవ్ కట్టేశాక ఎక్కువసేపు ఆగక్కర్లేదు. రాయగడలో, పర్లాకిమిడిలో 99 దాటుతాయి కాబట్టి ఇంకాస్త ఆగాలి. గిన్నె అడుగున తెల్లపొర కట్టే బోరునీళ్లయితే అందులోని బైకార్బొనేట్ కాఫీ పులుపును విరిచేస్తుంది. ఉత్త ఆర్‌వో నీళ్లతో చప్పగా వస్తుంది. రెండూ కలిపి, నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు 100–150 మధ్య చూపేలా చేసుకోండి.

నీళ్లు పోశాక నాలుగు నిమిషాలు కదపొద్దు. పొడి పైకి తేలి గట్టిగా పొర కడుతుంది. ముక్కు గ్లాసు అంచు దాకా తెచ్చి, చెంచా వెనకవైపుతో ఆ పొరను మూడుసార్లు తొయ్యండి. వాసన గుప్పుమనేది అప్పుడే. తర్వాత నురగ తీసేసి పదో నిమిషం దాకా ఆగండి. కాలిన నాలుకకు ఏ తేడా తెలియదు. ఆపైన చెంచాడు తీసుకుని చప్పుడయ్యేలా జుర్రాలి, ఇక్కడ మర్యాదకు పోతే పని జరగదు. కాఫీ నోరంతా చిమ్మితేనే వాసన లోపలి నుంచి ముక్కుకెక్కుతుంది. గ్లాసు మారినప్పుడల్లా చెంచా వేడినీళ్లలో ముంచండి. ఇరవయ్యో నిమిషంలో ఒకసారి, పూర్తిగా చల్లారాక ఇంకోసారి చూడండి. వేడి చాలా లోపాలను దాస్తుంది, చల్లారాక బాగున్న కాఫీయే మంచి కాఫీ.

పులుపు పట్టడానికి కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) 5 గ్రాములు లీటరు నీళ్లలో కరిగించి, అందులోంచి 100 మిల్లీలీటర్లు తీసి మరో 900 నీళ్లు కలపండి. పక్కన పల్చటి చింతపండు రసం, పచ్చి మామిడి ముక్క పెట్టుకోండి. మూడూ పుల్లనివే, తగిలే తీరు మాత్రం వేరు. కప్పులోది వీటిలో దేనికి దగ్గరో చెప్పగలిగితే నారింజ దానంతటదే దొరుకుతుంది. వగరుకు పచ్చి అరటికాయ ముక్క నమలండి. నోరు పట్టేసి నాలుక గరుకెక్కుతుంది. చాలామంది దీన్నే చేదు అనేస్తారు. అప్పుడు సరిదిద్దే తీరు కూడా తప్పుతుంది మరి. మాడు చేదు ఎక్కువగా ఉంటే గింజ నల్లగా వేగింది, రోస్ట్ మార్చాలి. వగరుంటే పొడి మరీ సన్నమైనా అయి ఉండాలి, పచ్చికాయలు కోసినా ఉండాలి. తీపి జాడ లేకుండా ఉప్పగా, పుల్లగా ఉంటే సరిగా దిగలేదన్నమాట. ఇంకాస్త సన్నంగా ఆడి చూడండి. తీపి తేలితే గింజ తప్పేం లేదు.

వేగిన గింజల్లో రంగెక్కని పాలిపోయినవి కనిపిస్తే ఏరి, వాటినే విడిగా ఒక గ్లాసు పెట్టండి. వేరుశనగ పొట్టు, కాగితం రుచి వస్తుంది, ఒకసారి తెలిస్తే ఇక మరిచిపోరు. ఈ కొండల్లో కాఫీ పండ్లు ఆరబెట్టేది చలికాలం మంచులో. కుప్పగా వదిలేస్తే బూజు వాసన, పులిసిన కల్లు వాసన పడతాయి. ఆ రెండోదాన్ని ‘ఫ్రూటీ’ అని ఎక్కువ ధరకు అమ్మేవాళ్లున్నారు జాగ్రత్త.

నాలుకకు ఎంత పట్టుబడిందో చూడాలంటే మూడు గ్లాసుల్లో రెండు ఒకే కాఫీ, ఒకటి వేరేది పోయించి, అడుగున గుర్తు పెట్టించి, తేడాది ఏదో చెప్పండి. ఆరుసార్లు చేస్తే గుడ్డిగా చెప్పినా రెండు తగులుతాయి, ఐదు వస్తే నమ్మొచ్చు. మొదట ఫిల్టర్ పొడికీ అరబికాకీ పెట్టండి, తర్వాత ఒకే గింజ రెండు రోస్టులు. కోరాపుట్, అరకు జోడీని ఆఖరికి ఉంచండి. రెండూ తూర్పు కనుమల అరబికాలే, పక్కపక్క కొండలవే. ఇక్కడ తడబడితే మళ్లీ చల్లారిన గ్లాసులతో చూడండి.